కిటికీ ఎటువైపు ఉండేది

7, మంగళవారం

మధ్యాహ్నం మూడు గంటలకు గ్యాలరీలో నా ఫొటో పక్కన అతని పెయింటింగ్ తగిలించారు. రెండూ ఒకే గది.

మేమిద్దరం మాట్లాడుకుని చేసింది కాదు. మాట్లాడుకోకూడదన్నదే ఈ ప్రదర్శన నిబంధన. ఆరుగురు ఫొటోగ్రాఫర్లు, ఆరుగురు చిత్రకారులు. చీట్లు వేసి జంటలు కట్టారు. అందరికీ విషయం ఒకటే: ఇప్పుడు లేని గది. జంటలో ఒకరు ఫొటో ఇవ్వాలి, ఒకరు బొమ్మ వెయ్యాలి. గోడకెక్కే దాకా ఒకరిది ఒకరు చూడకూడదు, దాని ఊసెత్తకూడదు. నా చీటీలో నా భర్త పేరు వచ్చింది.

నిబంధన ఉంది కాబట్టి ఈ రెండు నెలలూ ఫోన్ చేయలేదు. అంతకుముందు ఎందుకు చేయలేదో ఇక్కడ రాయనక్కర్లేదు.

నేనిచ్చింది పెళ్ళయిన కొత్తలో మేం అద్దెకున్న మేడ మీద గది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ ఇల్లు కొట్టేశారు. పాత నెగెటివ్‌ల డబ్బా వెతుకుతుంటే దొరికింది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ ప్రింట్ వేయించలేదు. అతనూ ఆ గదే వేశాడు. తలుపు దగ్గర నిలబడి చూసినట్టు, నేను ఫొటో తీసిన చోటి నుంచే. అందులో విశేషం లేదు. ఆ గది మొత్తం కనపడాలంటే తలుపు దగ్గర తప్ప నిలబడడానికి చోటు లేదు.

గ్యాలరీ అంటే రెండు గదులు. మొన్నమొన్నటి దాకా డాక్టరమ్మ పళ్ళ ఆస్పత్రి. చాలా ఏళ్ళు పళ్ళు పీకి, ఒక రోజు ఆ కుర్చీ అమ్మేసి గోడలకు తెల్లరంగు వేయించింది. ఇప్పటికీ వారానికి ఒకరైనా దవడ పట్టుకుని లోపలికి వస్తారు. ఈ రోజూ ఒకాయన వచ్చాడు. బొమ్మలన్నీ ఓపిగ్గా చూసి, "డాక్టరు గారు ఎన్నింటికొస్తారు?" అన్నాడు.

నిచ్చెన మీద నుంచి ఆమె, "ఆ డాక్టరు పోయింది. పక్క వీధిలో ఇంకొకాయన ఉన్నాడు, చెయ్యి తేలిక, వెళ్ళండి" అంది.

మాకిచ్చిన గోడ లోపలి గదిలో, పాత నీళ్ళ పైపు మొదలు బయటికి పొడుచుకొచ్చిన చోట. అందరూ వద్దన్న గోడ అది. పైపుకి అటొకటి, ఇటొకటి. డాక్టరమ్మ నిచ్చెన దిగి, వెనక్కి వెనక్కి నడిచి చూసింది.

"అక్కా, రెండూ ఒకే గదేనా, వేరువేరా?"

"ఒకటే."

"మరి కిటికీ?"

నా ఫొటోలో మంచం, దాని వెనక గోడకి కుడివైపు కిటికీ, కిటికీకి ఇవతల మేకుకి వేలాడుతున్న చొక్కా. అతని బొమ్మలో మంచం ఉంది, చొక్కా లేదు. కిటికీ ఎడమవైపు ఉంది. కిటికీ గట్టు మీద ఒక గ్లాసు, గ్లాసు మీద బోర్లించిన సాసరు.

సాయంత్రం అత్తయ్య కూరలు తరుగుతూ అడిగింది.

"వాడేం వేశాడు?"

"మేడ మీద గది."

"నువ్వేం ఇచ్చావు?"

"అదే."

కత్తి పక్కన పెట్టింది. "చీట్లు వేస్తే మీ ఇద్దరికే పడింది. ఊళ్ళో గదులన్నీ పోయి ఇద్దరికీ ఆ గదే దొరికింది. ఆ పళ్ళ డాక్టరు ఇంకేం పీకుతుందో చూడాలి."

"కిటికీ ఎటువైపు ఉండేదత్తయ్యా?"

"నాకు గుర్తున్నది మెట్లే. నా మోకాళ్ళనడుగు, చెబుతాయి."

8, బుధవారం

ఆఫీసు నుంచి వస్తూ గ్యాలరీలో ఆగాను. ప్రతి బొమ్మ కిందా ఒక కార్డు ఉంటుంది, ఆ గది ఎక్కడిది, ఏమైపోయింది అని. అతని బొమ్మ కింద ఒక వాక్యం చేర్చమన్నాను. 'నిజానికి ఈ గదిలో కిటికీ కుడివైపు ఉండేది. చిత్రకారుడు జ్ఞాపకం నుంచి వేశారు.'

"ఇది పేపరు కాదక్కా" అంది డాక్టరమ్మ.

"పేపరు కాకపోతే తప్పు తప్పు కాకుండా పోతుందా?"

"బొమ్మలో తప్పేముంది? ఆయనకి ఎటు కావాలంటే అటు వేసుకుంటాడు."

"రెండూ ఒకే గది అని పైన పెద్దక్షరాలతో నువ్వే రాశావు. పక్కపక్కన పెట్టావు. చూసేవాడు దేన్ని నమ్మాలి?"

"చూసేవాడి బాధా ఇది, నీ బాధా?"

 కార్డు రాసేదాకా అక్కడే నిలబడ్డాను.

పత్రికలో ఫొటో డెస్కు చూస్తున్నదాన్ని. ఎంత చిన్న తప్పు దొర్లినా మర్నాడు సవరణ వేస్తాం. వేసినంత మాత్రాన ఎవరి మీదా కోపం ఉన్నట్టు కాదు.

అతనికి కిటికీ ఎటుందో గుర్తు లేదు. మూడేళ్ళున్నాం ఆ గదిలో. రోజూ దానికెదురుగా కూర్చుని బొమ్మలు వేసుకునేవాడు. గుర్తు లేదు.

9, గురువారం

కోపం లేదు.

10, శుక్రవారం

ప్రదర్శన మొదలైంది. అతను రాలేదు. అతనుండే ఊళ్ళో, పాఠాలు చెప్పే కాలేజీలో పరీక్షల హడావుడి అని డాక్టరమ్మకి కబురు పెట్టాడట. వస్తాడని నేనేం అనుకోలేదు. తలుపుకెదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నది గాలి కోసం.

జనం బాగానే వచ్చారు. మొదటి గదిలో ఒక జంట మూతబడ్డ సినిమా హాల్లో టికెట్లిచ్చే గది చేసింది. ఫొటోలో ఆ చిన్న కంత మాత్రం ఉంది, పెయింటింగ్‌లో కంతలో నుంచి చెయ్యి పెట్టిన జనం ఉన్నారు. ఇంకొక జంట ప్రసూతి వార్డు. వాటి ముందు అందరూ నెమ్మదిగా మాట్లాడుతున్నారు. మా గోడ దగ్గర మాత్రం పందేలు వేసుకుంటున్నారు. ముందు రెండు బొమ్మలూ చూడడం, ఏది కరెక్టో వాదించుకోవడం, తర్వాత కార్డు చదివి "చూశావా, నేను చెప్పలా" అనడం. ఒక మొగుడూ పెళ్ళాం అయితే నా ముందే దెబ్బలాడుకున్నారు.

"ఫొటో అబద్ధం చెప్పదు" అంటాడు ఆయన.

"మన పెళ్ళి ఫొటోలో మీకు జుట్టుంది. అదేమిటి మరి?" అంటుంది ఆవిడ.

ఒక పెద్దావిడ అతని బొమ్మ ముందు చాలాసేపు నిలబడింది. నేను పక్కనే ఉండడం చూసి, "గ్లాసు మీద ఆ సాసరెందుకమ్మా?" అంది.

"టీ చల్లారిపోకుండా."

"ఎవరికోసం?"

"ఆలస్యంగా వచ్చేవాళ్ళ కోసం."

"పాపం" అని పక్క బొమ్మకి వెళ్ళిపోయింది. పాపం ఎవరన్నది చెప్పలేదు.

ఆ రోజుల్లో నా డ్యూటీ ఎప్పుడు తెమిలేదో ఎవరికీ తెలిసేది కాదు. అతను టీ పెట్టి, నా వంతు ఆ గట్టు మీద మూసిపెట్టేవాడు. సాసరు తీస్తే టీ ఎప్పుడూ చల్లారిపోయే ఉండేది. ఆ సంగతి ఒక్కసారి కూడా అతనికి చెప్పలేదు.

జనం పలచబడ్డాక డాక్టరమ్మని నిలదీశాను. నిజంగా చీట్లు వేశావా అని.

"చీట్లు వేశాననే చెప్పాను. ఒక్కసారే వేశానని చెప్పానా?"

11, శనివారం

అత్తయ్యని తీసుకెళ్ళాను. అతని బొమ్మ ముందు కళ్ళజోడు పెట్టుకుని ఒకసారి, తీసి ఒకసారి చూసింది.

"మా వాడు చిక్కిపోయాడు."

"బొమ్మలో మనిషే లేడత్తయ్యా."

"అయినా తెలుస్తోంది."

12, ఆదివారం

పొద్దున డాక్టరమ్మ ఫోన్ చేసింది. కార్డు సంగతి అతనికి చెప్పకుండా ఉండడం న్యాయం కాదనిపించి నిన్న ఫోన్‌లో చెప్పేసిందట. అతనేమన్నాడో పొల్లు పోకుండా చెప్పమన్నాను. చెప్పింది.

 "తను అలా అందంటే అదే కరెక్టయ్యుంటుంది. ఫొటో ఉంది కదా" అన్నాడట. తప్పుగా ఉన్నదాన్ని గోడ మీద అలా వదిలేయడం బాగోదట. వచ్చే శనివారం పొద్దున్నే రంగులు తెచ్చుకుని వస్తాడట. గ్యాలరీ తెరిచేలోపు కిటికీ అటు తీసి ఇటు వేసేస్తాడట.

"ఎక్కడ దిగుతారు మాస్టారూ అనడిగాను" అంది డాక్టరమ్మ. "చూస్తానన్నారు. చూస్తానంటే ఏమిటక్కా?"

"చూస్తాననే."

ఫోన్ పెట్టేసరికి అత్తయ్య నా వెనకే ఉంది. వినలేదని బుకాయించే అలవాటు ఆవిడకి లేదు.

"ముందు గదిలో లైటు వెలగడం లేదు" అంది. "వాడికసలే చీకటంటే పడదు."

ముందు గదిలో లైటు వెలగక ఏడాది దాటింది.

13, సోమవారం

కొత్త బల్బు పెట్టాను. కిటికీల పరదాలు మార్చాను. పాతవి వెలిసిపోయాయి, ఎలాగూ మార్చాల్సినవే. శనివారం సెలవు కావాలని చీఫ్‌ని అడిగాను. ఆయన కళ్ళజోడు పైకి తోసి చూశాడు.

"నువ్వు సెలవడగడం నేనెప్పుడూ చూడలేదు. ఎవరైనా పోయారా?"

"లేదు సార్. వస్తున్నారు."

"ఎవరు?"

"గ్యాలరీలో పని."

రెండింటికీ పొంతన లేదని ఆయనకీ తెలిసింది, నాకూ తెలిసింది. సంతకం పెట్టేశాడు.

అత్తయ్య అతను తినేవి, మానేసినవి అని రెండు రకాలు చేసి చెబుతోంది. నేను వింటున్నాను. మానేసిన వాటిలో సగం నాకు తెలియవు. అక్కడికి వెళ్ళాక మానేశాడట. ఆవిడకి వారం వారం ఫోన్ చేస్తాడు. ఆవిడ ఆ ఫోన్ వంటింట్లో మాట్లాడుతుంది. నేను ఆ టైముకి ముందు గదిలో పేపరు చదువుకుంటుంటాను. వంటింటి తలుపు వేసుకోమని నేనెప్పుడూ అనలేదు, ఆవిడా వేసుకోలేదు.

శనివారం పొద్దున గ్యాలరీకి వెళ్ళాలా వద్దా అన్నది ఇంకా అనుకోలేదు. సెలవు పెట్టింది ఇంట్లో పనులున్నాయని.

14, మంగళవారం

ఫొటో తప్పు. పెయింటింగ్ కరెక్టు.

పొద్దున అత్తయ్య అతను వదిలేసి వెళ్ళిన చొక్కాలు పెట్టెలోంచి తీసి బాల్కనీలో తీగ మీద ఆరేసింది. "వాడొస్తే తొడుక్కోడానికేమైనా ఉండాలిగా" అంది. నేను టీ తాగుతూ వాటికెదురుగా కూర్చున్నాను. చొక్కా మనవైపు తిరిగి వేలాడుతుంటే జేబు మనకి కుడిచేతివైపు కనపడుతుంది. తీగ మీద నాలుగు చొక్కాలున్నాయి, నాలుగింటికీ జేబు కుడిచేతివైపే ఉంది. అంతవరకూ ఏమీ తోచలేదు. బస్సులో తోచింది.

మధ్యాహ్నం ఆఫీసు కంప్యూటర్లో స్కాన్ తెరిచి పెద్దది చేసి చూశాను. మేకుకి వేలాడుతున్న చొక్కాకి జేబు ఎడమచేతివైపు ఉంది.

ఇంటికొచ్చి నెగెటివ్ తీశాను. నెగెటివ్‌కి ఒకవైపు నున్నగా మెరుస్తుంది, ఒకవైపు మసగ్గా ఉంటుంది. స్కాన్ చేసేటప్పుడు ఏ వైపు కిందికి పెట్టాలో ఒకప్పుడు నా వేళ్ళకే తెలిసేది. తిప్పి పెడితే కుడి ఎడమవుతుంది. అంచుల్లో అంకెలుంటాయి, అవి చూస్తే తిరగబడిందో లేదో తెలుస్తుంది. కానీ స్కానర్ చట్రంలో పెట్టాక అంచులు కనపడవు. కొత్త బల్బు కింద, అంకెలు సరిగ్గా చదవడానికి వచ్చేలా పట్టుకుని చూశాను. కిటికీ ఎడమవైపు ఉంది.

తిప్పి పెట్టింది నేనే. ఈ పని మా డెస్కులో ఎవరైనా చేసి ఉంటే ఏమనేదాన్నో నాకు తెలుసు.

ఆ గదిలో మూడేళ్ళున్నాను. కిటికీ ఎటుందో నాకు గుర్తు లేదు. రెండు నెలలుగా స్కాన్ చూస్తూ, చూసిందే గుర్తున్నదనుకున్నాను. చేతిలో ఫొటో ఉన్నదాన్ని నేను. ఏమీ లేనివాడు గుర్తుపెట్టుకున్నాడు.

ఇప్పుడు అతనికి చెప్పాలి. చెబితే అతను శనివారం రానక్కర్లేదు.

15, బుధవారం

ఏమీ జరగలేదు. ఎవరికీ ఫోన్ చేయలేదు. పరదాల రంగు గదికి నప్పింది.

16, గురువారం

ఆఫీసులో మొన్నటి ఒక ఫొటో కింద పేర్లు తారుమారయ్యాయి. ఎడమ నుంచి రాయాల్సింది కుడి నుంచి రాసేశారు. కొత్తగా చేరిన సబ్ఎడిటర్ అంది, "ఎవరూ ఫోన్ కూడా చేయలేదు మేడం. సవరణ వేస్తే మనమే చాటింపు వేసుకున్నట్టవుతుంది. వదిలేద్దామా?"

"ఎవరో ఫోన్ చేస్తేనే అది తప్పవుతుందా?" అన్నాను.

ఆ అమ్మాయి తలూపి వెళ్ళిపోయింది. నేను కాసేపు ఏ పనీ చేయలేదు.

సాయంత్రం అత్తయ్యకి చెప్పాను.

"కిటికీ ఎడమవైపే ఉండేదత్తయ్యా. అతనిదే కరెక్టు."

"ఎవరు చెప్పారు?"

"నెగెటివ్."

"వాడికి చెప్పావా?"

"లేదు."

ఆవిడ నా మొహంలోకి చూసింది. ఎందుకు చెప్పలేదని అడగలేదు. "వాడొచ్చాక చెబుదువుగాని. వచ్చి, భోంచేసి, కాస్త నడుం వాల్చాక చెప్పు. ఈలోపు కొంపలేం మునగవు."

"బస్‌స్టాండులో దిగి నేరుగా గ్యాలరీకే వెళ్తాడత్తయ్యా. ఆ కిటికీ మీద గోడ రంగు పూసేస్తాడు."

"రంగే కదా. మళ్ళీ వేసుకుంటాడు. వాడికి తెలిసింది అదొక్కటేగా."

"నేను చెప్పానని పూస్తాడు. తనకి సరిగ్గా గుర్తున్నదాని మీద."

ఆవిడ చేతిలో గిన్నె తుడిచిందే తుడుస్తోంది.

"వాడంతే. చిన్నప్పుడూ అంతే. ఎవరైనా గట్టిగా ఒక మాటంటే తనదే తప్పనుకుని నోరు మూసుకుంటాడు. ఇక్కడి నుంచి వెళ్ళేటప్పుడూ అంతేగా. 'తనకిక్కడ ఉద్యోగం ఉంది, నాతో రమ్మని ఎలా అడుగుతానమ్మా, బాగోదు' అన్నాడు. నువ్వేమో నా దగ్గరికొచ్చి, 'అంత మంచి ఉద్యోగం వస్తే వద్దని ఎలా అంటానత్తయ్యా, బాగోదు' అన్నావు. బాగోదు బాగోదు అనుకుని నాలుగేళ్ళు చేశారు. నా కళ్ళజోడొకటి అక్కడుంది, ఒకటి ఇక్కడుంది. నాకేది ఎక్కడ కనపడుతుందో నాకే తెలీదు."

"అతను అలా అన్నాడని మీరెప్పుడూ చెప్పలేదే."

"నువ్వడిగావా?"

అడగలేదు.

మొదట్లో అతను ప్రతి శనివారం వచ్చేవాడు. తర్వాత నెలకోసారి. తర్వాత ఏదైనా పని తగిలితే. ఇంటి అగ్రిమెంటు మార్చాలని ఒకసారి, అత్తయ్య కంటి ఆపరేషన్‌కని ఒకసారి. విడాకుల మాట ఎవరూ ఎత్తలేదు. రమ్మన్న మాటా ఎవరూ ఎత్తలేదు. పోయిన ఏడాదంతా పనులేం తగల్లేదు. నల్లా కారుతుంటే నేనే బాగు చేయించేశాను.

ఇప్పుడొక పని తగిలింది. అది నా తప్పు వల్ల తగిలిన పని.

నేను నోరు మూసుకుంటే అతను శనివారం వస్తాడు. ముందు గదిలో లైటు వెలుగుతుంది. అత్తయ్య వడ్డిస్తుంది. కిటికీ కుడివైపుకి మారిపోతుంది. ఆ గదిలో కిటికీ ఎడమవైపు ఉండేదని తెలిసినవాళ్ళు ఇంకెవరూ ఉండరు, నేను తప్ప. నేను చెప్పను.

పై మూడు వాక్యాలూ కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ.

17, శుక్రవారం

మధ్యాహ్నం భోజనాల వేళ ఆఫీసు మెట్ల దగ్గర నుంచి ఫోన్ చేశాను. రెండో రింగుకే ఎత్తాడు.

"నేను."

"చెప్పు. అమ్మకేమైనా..."

"ఆవిడకేం, రాయిలా ఉంది. గది గురించి."

"రేపు వస్తున్నా కదా. గోడ రంగు కలిపి కూడా పెట్టుకున్నాను. ఆ ఆకుపచ్చ అంత తేలిగ్గా దొరకలేదు, నాలుగుసార్లు కలపాల్సొచ్చింది."

"పుయ్యొద్దు. తప్పు నాది. నెగెటివ్ తిప్పి స్కాన్ చేశాను. కిటికీ ఎడమవైపే."

అవతల కుర్చీలు లాగుతున్న చప్పుడు. క్లాసు వదిలినట్టున్నారు.

"ఎవరు తిప్పి పెట్టారు?"

"నేనే."

"నువ్వు? నెగెటివ్ తిప్పి పెట్టావా? నువ్వు?"

నవ్వాడు. నాలుగేళ్ళ తర్వాత ఆ నవ్వు విన్నానని రాయబోయాను. అది నిజం కాదు. అత్తయ్య కంటికి కట్టు కట్టినప్పుడు ఆస్పత్రిలో ఒకసారి నవ్వాడు.

"నీ పేపర్లో సవరణ వేస్తారా?"

"గ్యాలరీలో వేస్తున్నాం. నా ఫొటో కింద."

"నేనూ ఎడమవైపనే అనుకున్నాను" అన్నాడు. నవ్వు ఆగిపోయింది. "కళ్ళు మూసుకుంటే అటే కనపడేది. నువ్వు కాదన్నావని చెప్పింది ఆవిడ. ఫొటో ఉందంటే ఇంకేముంది. నేనే మర్చిపోయుంటాననుకున్నాను. అప్పట్నుంచీ సరిగ్గా నిద్ర లేదు."

"ఒక్క కిటికీకా?"

"అదే తప్పయితే, ఇంకా నాకు గుర్తున్నవి ఏమేం తప్పో అని."

నేను ఏదో ఒకటి అనాల్సింది. కొత్త ప్రింట్ ఎప్పుడు వస్తుందో చెప్పాను. ఏ కాగితం మీద వేయిస్తున్నానో చెప్పాను. అతను ఊఁ కొట్టాడు.

"అయితే రేపు నాకక్కడ పనేం లేదన్నమాట."

"లేదు."

"సెలవు రద్దు చేసుకుంటాను మరి. పిల్లలకి పరీక్ష ఉంది, వేరే ఆయన్ని బతిమాలి పెట్టాను."

"సరే."

"సరే అయితే."

అతను పెట్టేయలేదు. నేనూ పెట్టేయలేదు. ఎవరో మెట్లెక్కుతూ నన్ను పక్కకి జరగమన్నారు. జరిగాను. ఫొటోల కోసం ఎందరెందరినో ఇటు తిరగమని, అక్కడ నిలబడమని మొహమాటం లేకుండా అడిగినదాన్ని.

"పనుంటేనే రావాలా?" అన్నాను.

అవతల తలుపు వేసిన చప్పుడు.

"ఆదివారం నాకు ఖాళీయే" అన్నాడు.

"ఆదివారం గ్యాలరీ మూసి ఉంటుంది."

"గ్యాలరీకొస్తానని నేనన్నానా?"

సాయంత్రం ఇంటికి రాగానే అత్తయ్యకి చెప్పాను. ఆవిడ ముందు నన్ను తిట్టింది, శనివారానికని చేసినవన్నీ ఎవరు తినాలని. తర్వాత వాటిలో ఏవి ఆదివారం దాకా నిలుస్తాయో చూడ్డానికి వంటింట్లోకి వెళ్ళింది.

రేపు తొమ్మిదింటికి ల్యాబ్ నుంచి కొత్త ప్రింట్ తెచ్చుకోవాలి. గ్యాలరీ తెరిచేలోపు పాతది దించి అది తగిలిస్తారు. అతని బొమ్మ కింది కార్డులో నేను రాయించిన వాక్యం తీసేస్తారు. నా ఫొటో కింద సవరణ పెడతారు, ప్రదర్శన అయ్యేదాకా ఉంటుంది. ఆదివారం గ్యాలరీకి సెలవు. అతని బస్సు పదకొండున్నరకి. స్టాండుకి నేను వెళ్తున్నాను. అత్తయ్య తనూ వస్తానంటోంది. అది ఇంకా తేలలేదు.